నీటిపక్షుల ఛాయాచిత్రకారుడు కీ. శే. ఎం. కృష్ణన్

నిమ్‌పురాలోను, ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలోను తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములకు స్వదేశయానమనగా మద్రాసు మార్గమున దక్షిణముగా సాగు రైలుప్రయాణమే. ఆ మార్గమున బాలుగాం, రంభ స్టేషనుల నడుమ బండి చిలకా సరస్సు అంచున పోవునప్పుడు, శీతకాలమున కిటికీల చెంత కూర్చున్న పిల్లలు నీటిమీద తెల్లగాను నల్లగాను కనబడు పక్షుల గుంపులను చూచి పెద్దలను పేర్లడుగుదురు. పెద్దలలో పెక్కుమంది కొంగలనియు, బాతులనియు రెండే పేర్లు చెప్పి ఊరకుందురు. నేడు ప్రతి చేతిలోను కెమెరా గల ఫోనున్నది. చిత్రము తీయుట క్షణములో ముగియు పని. కాని ఆ చిత్రములోని పక్షి యేది, అది ఆ క్షణమున నేమి చేయుచున్నది, ఆ చోటనే యేల యున్నది అను ప్రశ్నలకు సమాధానము కెమెరా చెప్పజాలదు. అందులకు చూచు కన్ను కావలెను. వేచియుండు ఓర్పు కావలెను.

అట్టి కన్నును, అట్టి ఓర్పును జీవితపర్యంతము సాధన చేసిన మహనీయుడు మాధవయ్య కృష్ణన్‌గారు. వారి మాతృభాష తమిళము. వారు విశేషముగా వ్రాసినది ఆంగ్లమున. అయినను వంగదేశమున నివసించు ఆంధ్రులకు వారు పరాయివారు కారు. ఖరగ్‌పూరునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున కలకత్తాలో వెలువడు స్టేట్స్‌మన్ దినపత్రికలో 1950 మొదలుకొని 1996 వరకు పక్షమున కొకసారి వారి ప్రకృతివ్యాసము ప్రకటింపబడుచుండెను. ఒకే పత్రికలో, ఒకే శీర్షిక క్రింద, 46 సంవత్సరములు వ్రాయుట మన దేశపు పత్రికాచరిత్రలోనే అరుదైన సంగతి. మద్రాసులో కూర్చుండి వారు వ్రాసిన కాకి, ఉడుత, నీటికాకి, ఏనుగుల ముచ్చటలను కలకత్తా పాఠకులు రెండు తరములపాటు చదివిరి.

కృష్ణన్‌గారు 1912వ సంవత్సరము జూన్ 30వ తేదీన తిరునెల్వేలిలో జన్మించిరి. ఎనమండుగురు సంతానములో వారు కడపటివారు. తండ్రి ఎ. మాధవయ్యగారు తమిళ నవలాసాహిత్యమునకు పునాది వేసిన వారిలో ఒకరు, సంఘసంస్కర్త. వారు ప్రభుత్వపు ఉప్పుశాఖలో ఉద్యోగము చేయుచు, ఆ కొలువు మిగిల్చిన వేళలలో గ్రంథరచన సాగించిరి. పదవీవిరమణానంతరము తమ కాలమంతయు సాహిత్యమునకే ధారపోసి, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ సెనేటు సభలో తమిళభాషాబోధన పక్షమున ప్రసంగించిన వెంటనే అక్కడనే ప్రాణములు విడిచిరి. అప్పటికి కృష్ణన్‌గారికి 13 ఏండ్లు. ప్రభుత్వోద్యోగము కడుపు నింపవచ్చును గాని మనుష్యుని మనసు దానికంటె పెద్దదను పాఠము ఆ పిల్లవానికి తండ్రి జీవితమే నేర్పినదని చెప్పవచ్చును.

తండ్రి మరణానంతరము ఆ యింటి భారమును పెద్ద సంతానము వహించినది. అన్నగారైన అనంతనారాయణన్‌గారు ఐ. సి. యస్. పరీక్షలో ఉత్తీర్ణులై, కాలక్రమమున మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిరి. అట్టి కుటుంబమున కడగొట్టు కుమారునిపై కూడ అందరును గొప్ప ఆశలే పెట్టుకొనిరి. కాని బాలుని మనసు పుస్తకములపై నిలువలేదు. నాటి మైలాపూరు నేటివలె ఇరుకైన పేట కాదు. ఎటు చూచినను తోపులు, పొదలు, కుంటలు; వాటిలో పక్షులు. బాలుడు వాటి వెంటనే తిరుగుచుండెను.

హిందూ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి 1927లో ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1931లో పట్టభద్రులైరి. అక్కడ వారికి లభించిన నిజమైన విద్య ఫైసన్ అను వృక్షశాస్త్రాచార్యుని సహవాసము. నీలగిరి, పళని శిఖరముల మీది మొక్కలను గురించి ప్రామాణికగ్రంథము రచించిన పండితుడాయన. ఆ గ్రంథములోని బొమ్మలలో ఆయన భార్య చేతిపని కలదు. ఆ దంపతుల వెంట కృష్ణన్‌గారు కొండలెక్కిరి. ఆచార్యుని వద్ద మొక్కను పరీక్షించి చూచుటను, ఆయన భార్య వద్ద నీటిరంగులతో బొమ్మ వేయుటను నేర్చిరి. కంటితో చూచినదానిని ఏమియు కలుపక, ఏమియు విడువక కాగితముపై దించుట యను క్రమశిక్షణ వారికి అక్కడ అబ్బినది. తరువాతి కాలమున కెమెరా చేతబట్టినప్పుడు వారికి తోడై నిలిచినది ఆ శిక్షణయే.

పట్టము వచ్చినను ఉద్యోగము రాలేదు. ఆర్థికమాంద్యము దేశమును పీడించుచున్న దినములవి. పెద్దల ప్రోద్బలముపై న్యాయశాస్త్రము చదివి 1936లో ఆ పట్టమును కూడ పొందిరి గాని, నల్లకోటు వారికి సరిపడలేదు. 1937లో ఇందుమతిగారిని వివాహమాడిరి. సంసారము నడుపుటకై చిన్న చిన్న ఉద్యోగములు చేసిరి. పత్రికలకు వ్యాసములు వ్రాసిరి, బొమ్మలు వేసిరి. స్థిరమైన ఆదాయము మాత్రము ఏర్పడలేదు.

1942లో బళ్ళారి ప్రాంతపు సండూరు సంస్థానమునుండి పిలుపు వచ్చినది. నాడు బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా; తెలుగు కన్నడములు కలిసి వినబడు సీమ. సండూరు దాని నడుమ కొండలు చుట్టిన చిన్న సంస్థానము. అక్కడ కృష్ణన్‌గారు చేయని పని లేదు. ఉపాధ్యాయులుగ, న్యాయాధికారిగ, ప్రచారాధికారిగ, మహారాజునకు రాజకీయ కార్యదర్శిగ వివిధ పదవులు నిర్వహించిరి. అంతటితో ఊరకుండక గొఱ్ఱెలను మేపి చూచిరి. పావురములచే ఉత్తరములు పంపు ప్రయోగములు చేసిరి. తక్కిన కాలమంతయు అడవిలోనే. తోడేళ్ళు, నక్కలు, అడవిపందులు తిరుగు ఆ కొండచరియలు పెక్కేండ్లపాటు వారికి పుస్తకముగను, పాఠశాలగను ఉపయోగపడినవి. ఒక మృగమును చూడవలెనన్నచో మొదట దాని చోటును చూడవలెనని వారు అక్కడనే గ్రహించిరి.

1949లో సండూరు సంస్థానము మద్రాసు రాష్ట్రమున విలీనమైనది. కృష్ణన్‌గారి ఉద్యోగము దానితో ముగిసినది. అప్పటికి వారికి 37 ఏండ్లు. ఇంట భార్య, కుమారుడు. ఆ వయసున, ఆ స్థితిలో ఏ గృహస్థుడైనను నెలజీతము దొరకు చోటునే వెదకును. నెల మొదటి తేదీ విలువ తెలిసిన వారెవ్వరును అట్లు వెదకువానిని తప్పుపట్టరు. కృష్ణన్‌గారు వెదకలేదు. మద్రాసునకు తిరిగివచ్చి, కలమును కెమెరాను నమ్ముకొని, అడవిని గురించియు అడవిజీవులను గురించియు వ్రాయుటయే తమ వృత్తియని నిశ్చయించుకొనిరి. ఆ రోజులలో మన దేశమున అట్టి వృత్తియే లేదు. వన్యప్రాణులను గురించి వ్రాసినవారిలో పెక్కుమంది సైనికాధికారులో, తోటల యజమానులో, సంపన్నులో అయియుండిరి. వారికది వేడుక, కృష్ణన్‌గారికది బ్రతుకుతెరువు. అచ్చుకాని వ్యాసము, చెడిపోయిన ఫిల్ము ఇంటి ఖర్చులోనే తేలవలెను. ఆ మార్గమున వారు కడవరకు నడచిరి. మరల నౌకరిలో చేరలేదు.

మరుసటి సంవత్సరమే స్టేట్స్‌మన్‌లో వారి శీర్షిక ఆరంభమైనది. అందు పెద్దపులులు, ఏనుగులు మాత్రమే కాదు. వాకిటి కాకి, గోడమీది తొండ, పెరటి ఉడుత, వానాకాలపు కప్ప కూడ కథానాయకులు. 1961లో నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురించిన వారి గ్రంథమునకు అడవియు పెరడు అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ రెండు మాటలలో వారి సాహిత్యమంతయు ఇమిడియున్నది. దూరపు అడవికి పోలేని వానికి పెరడే అడవి. పెరటిలోని పిట్టను చూడలేని వాడు అడవికి పోయియు ఏమియు చూడలేడు.

ఇక వారి కెమెరాను గురించి చెప్పవలెను. ధనము తక్కువగుట చేతను, అంగడిలో దొరకు సామగ్రి తమ పనికి సరిపడకపోవుట చేతను కృష్ణన్‌గారు తమ యంత్రమును తామే కూర్చుకొనిరి. ఒక కంపెనీ కెమెరా పెట్టె, వేరొక కంపెనీ దూరదర్శక లెన్సు, మరికొన్ని చోట్లనుండి తెచ్చిన విడిభాగములు. వీటినన్నిటిని తమ చేతులతో బిగించి ఒక వింత యంత్రముగ చేసిరి. దాని బరువును చూచి తామే నవ్వుకొని దానికి ‘సూపర్ పాండరోసా’ అని పేరు పెట్టిరి. మన భాషలో మహాభారమని చెప్పవచ్చును. అస్సాము తేయాకు తోటల అధికారియు, పేరుపడిన వన్యప్రాణి ఛాయాచిత్రకారుడునైన ఇ. పి. జీ దొర ఆ యంత్రమును చూచి ఆశ్చర్యపడి, దానిలో ఎక్కడో తీగలును కట్టును తప్పక యుండునని వేళాకోళముగా వ్రాసియుండెను. వేళాకోళమెట్లున్నను ఆ యంత్రమునుండి వెలువడిన చిత్రములు దేశమందలి ఉత్తమ వన్యప్రాణి చిత్రములలో చేరినవి. రంగుల ఫిల్ము వచ్చిన తరువాతను కృష్ణన్‌గారు దానికి మారలేదు. నలుపు తెలుపులలోనే చివరివరకు పనిచేసిరి.

నీటిపక్షిని దాని సహజస్థితిలో చిత్రించుట ఎంత కష్టమో చిత్రించినవారికే తెలియును. పులి కనబడుట దుర్లభము. కనబడినచో పెద్ద మృగము. నీటిపక్షి అట్లు కాదు. అది ఎదుటనే యుండును. కాని మనుష్యునికిని దానికిని నడుమ నీరుండును. గట్టుపైనుండి చిన్న లెన్సుతో తీసినచో చిత్రమున చుక్కవలె కనబడును. పెద్ద లెన్సు తగిలించినచో చేయి ఏమాత్రము కదలినను చిత్రము చెదరును. నీటిపై ఎండ పడి మెరయుచుండగా తెల్లకొంగను తీసినచో ఈకల గీతలన్నియు మాసి తెల్లని మచ్చ మిగులును. దాని ప్రక్కనే కూర్చున్న నీటికాకి నల్లనిది. దానికి సరిపడు వెలుతురు ఇచ్చినచో కొంగ చెడును, కొంగకు సరిపెట్టినచో నీటికాకి బొగ్గుముద్ద యగును. అందుచే ఎండ ఏటవాలుగా పడు ఉదయ సాయంకాలముల కొరకు వేచియుండవలెను. ఆనాటి రోలు ఫిల్ములో పెద్ద చతురపు బొమ్మలు 12 మాత్రమే పట్టును. పన్నెండును ముగిసినచో మరల ఫిల్ము ఎక్కించులోపల పక్షి యెగిరిపోవును. కనుక మీట నొక్కుటకు ముందే పక్షి ఏమి చేయబోవునో ఎరిగియుండవలెను. ఎరుగుటకు దానిని దినముల తరబడి చూచియుండవలెను. చిత్రకారుని నేర్పు వ్రేలిలో కాదు, ఆ యెరుకలోనే యున్నది.

ఎరుగవలసిన సంగతులకు అంతులేదు. నత్తగుల్లకొంగ ముక్కు మూసికొన్నను నడుమ సందు మిగిలియుండును. నత్తలను పట్టి తినుటకు అనువైన ముక్కు అది. తెడ్డుమూతికొంగ ముక్కును సగము తెరచి నీటిలో కుడియెడమలకు ఊపుచు నడచును. ముక్కునకు తగిలిన జీవిని పట్టును. నీటికాకి చేపకొరకు మునిగి లేచిన పిదప కొమ్మపై వాలి రెక్కలు చాపి ఆరబెట్టుకొనును. దాని ఈకలు బాతు ఈకలవలె నీటిని విదలింపజాలవు. పాముమెడపిట్ట ఈదునప్పుడు మెడ మాత్రమే నీటిపై కనబడి నిజముగా పామును తలపించును. చింతవక్క పగలంతయు కొమ్మలలో ముడుచుకొని కూర్చుండి మునిమాపున వేటకు బయలుదేరును. ఈ నడవడి తెలిసినవాడు పక్షి వెంట పరుగెత్తడు. పక్షి వచ్చుచోట ముందుగనే కూర్చుండును.

ఇట్టి పరిశీలనకు కృష్ణన్‌గారికి దగ్గరలోనే దొరికిన చోటు చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ చెరువు. తమిళమున ఆ పేరునకు వేటగాని మజిలీ అని అర్థము. పేరు అట్లున్నను ఆ యూరివారు పక్షులకు కాపరులు. ఈశాన్య ఋతుపవనముతో చెరువు నిండగానే కొంగలు, నీటికాకులు, తెల్లకంకణములు, తెడ్డుమూతికొంగలు వేలకొలదిగ వచ్చి, నీటిలో నిలిచిన నీటికడప చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురునాటికి వెడలిపోవును. వాటి రెట్టలు కలిసిన నీరు పొలములకు ఎరువగును. పైరు బాగుగ పండును. ఈ రహస్యము ఎరిగిన రైతులు పక్షులపై తుపాకి పేల్చనీయలేదు. 18వ శతాబ్ది చివర సైనికులు అక్కడ పక్షులను కాల్చగా గ్రామస్థులు చెంగల్పట్టు కలెక్టరైన లైనెల్ ప్లేసు దొరతో మొరపెట్టుకొని, పక్షులను కాపాడు హక్కును కౌలుపత్రముగ వ్రాయించుకొనిరి. సర్కారు ఈ చెరువును పక్షిశరణాలయముగ గుర్తించినది 1936లో. సర్కారుకంటె ఊరు నూరేండ్లకు పైగా ముందున్నది. ఆ చెరువును గురించి కృష్ణన్‌గారు మద్రాసు అటవీశాఖ కొరకు ఒక చిన్న పుస్తకము కూడ వ్రాసిరి.

గూడు కట్టిన పక్షిని చిత్రించుటలో ఒక ధర్మసంకటము కలదు. చిత్రకారునికి గూటికంటె అనువైన చోటు లేదు. పక్షి ఎంత దూరము పోయినను అక్కడకే తిరిగివచ్చును. ఆ మమకారమే పక్షికి ముప్పు తెచ్చును. మనుష్యుడు మిక్కిలి చేరువకు వచ్చినచో తల్లి యెగిరిపోవును. నీడ తొలగిన గుడ్లు, రెక్కలురాని పిల్లలు ఎండకు మాడిపోవును. కాకులు ఆ అదను కొరకే కాచుకొనియుండును. ఒక్క పడవ చెట్ల నడుమకు పోయి అరగంట నిలిచినచో ఒక కొమ్మమీది సంతానమంతయు నశింపవచ్చును. అందమైన చిత్రము చేతికి వచ్చును. చిత్రములోని సంసారము కూలిపోవును. చూచువారికి ఆ సంగతి తెలియదు, ఏలయనగా చిత్రము నోరు విప్పదు. చిత్రకారుని మనస్సాక్షి యొక్కటియే సాక్షి.

ఈ సంకటమునకు కృష్ణన్‌గారి పనియే సమాధానము చెప్పుచున్నది. వారి చిత్రములలో కంటికి కన్ను, ముక్కునకు ముక్కు నింపిన పెద్ద ముఖములకంటె, తన చెట్టుతో, తన నీటితో, తన తోటిజీవులతో కూడిన ప్రాణి ముఖ్యము. దూరముననుండి తీసిన చిత్రమున పక్షి చిన్నదైనను దాని బ్రతుకు పూర్తిగా కనబడును. పక్షికి మనుష్యుని ఉనికి తెలియకుండ గాని, తెలిసినను బెదరకుండ గాని తీసినప్పుడే అది దాని సహజప్రవర్తనకు సాక్ష్యమగును. బెదరిన పక్షి చిత్రము బెదురునకే సాక్ష్యము. ఈ విధముగా చూచినచో దయయు, శాస్త్రసత్యమును వేరు కావు. పక్షిని బాధింపని చిత్రమే నమ్మదగిన చిత్రము.

ఆంధ్రదేశమున ఇట్టి చోట్లు లేకపోలేదు. కొల్లేటి ప్రాంతపు ఆరేడు గ్రామమున గూడబాతులు పెద్దసంఖ్యలో గూళ్ళు కట్టుచున్నవని 1946లో కనుగొని లోకమునకు చాటినవారు కేరళీయులైన కె. కె. నీలకంఠన్‌గారు. కృష్ణన్‌గారి సమకాలికులైన వారును ప్రకృతి రచయితలే. ఆ ఆరేడు కాలనీ 1970 దశకమున పక్షులు విడిచిపోగా అంతరించినది. పిమ్మట చాలకాలమునకు కొల్లేటి అంచుననే ఆటపాకలో గూడబాతులు మరల చేరి, అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలపై గూళ్ళు కట్టినవి. తడ, సూళ్ళూరుపేటలకు చేరువనున్న నేలపట్టు చెరువు కూడ వేడంతాంగల్ వంటిదే. అవే నీటికడప చెట్లు, అదే ఋతువు. 1976లో అది శరణాలయమైనది. ఇక ఖరగ్‌పూరు తెలుగువారిలో పెక్కుమందికి పుట్టినిల్లైన శ్రీకాకుళము జిల్లాలో, హౌరా మద్రాసు మార్గముననే యున్న నౌపడ స్టేషనునకు సమీపమున తేలినీలాపురమున్నది. గూడబాతులును, ఎర్రకాళ్ళకొంగలును అక్కడి చింతచెట్లమీద గూళ్ళు కట్టును. ఇండ్ల నడుమ వాలు ఆ పక్షులను ఊరివారు ఇంటికి వచ్చిన ఆడుబిడ్డలవలె ఆదరింతురు. వేడంతాంగల్ రైతు ఎరిగిన రహస్యమును తేలినీలాపురపు రైతు కూడ ఎరుగును.

కృష్ణన్‌గారి కృషి పక్షులతో ఆగలేదు. 1968లో ఏర్పడిన జవహర్లాల్ నెహ్రూ ఫెలోషిప్పు మొదటగా పొందినవారిలో వారొకరు. ఆ సహాయముతో దక్షిణాపథమందలి పెద్ద మృగముల జీవనస్థితిని అడవి అడవికి తిరిగి పరిశీలించి, దానిని గ్రంథరూపమున వెలువరించిరి. 1975లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము దానిని ప్రచురించినది. ఏనుగుపై ఎక్కి అడవి ఏనుగులను చిత్రించుటలో వారిది అందెవేసిన చేయి. భారత వన్యప్రాణి మండలిలో పెక్కేండ్లు సభ్యులుగ నుండి ప్రభుత్వమునకు సలహాలిచ్చిరి. 1973లో మొదలైన పులుల సంరక్షణ పథకమునకు తోడ్పడిరి. పద్మశ్రీ బిరుదము వారిని వరించినది. 1995లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ తన ప్రపంచ గౌరవపట్టికలో వారి పేరును చేర్చినది.

ఇన్ని గౌరవములు వచ్చినను వారు సభలకు అలవడిన మనుష్యులు కారు. ముక్కుసూటిగా మాట్లాడువారు; ఎవరి మెప్పు కొరకును అభిప్రాయము మార్చుకొనువారు కారు. విదేశములనుండి తెచ్చిన చెట్లను మన రోడ్ల ప్రక్కలను, మన అడవులలోను విచ్చలవిడిగ నాటుటను జీవితాంతము వ్యతిరేకించిరి. పచ్చగా కనబడినంతమాత్రమున అది అడవి కాదనియు, ఈ నేలలో పుట్టిన చెట్టే ఈ నేలలోని పక్షికి గూడు, కూడు నిచ్చుననియు వారి వాదము. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను, చదువుకొన్న యువకులు తమ దేశపు చెట్టును పిట్టను ఎరుగని విద్యనే పొందుచున్నారని వారు బాధపడుచుండిరి. దేశభక్తి యనగా దేశపటమును పూజించుట మాత్రమే కాదు. ఆ పటములోని కొండను, ఏటిని, అందలి ప్రాణిని గుర్తించుట అని వారి వ్రాతలు చదివినవారికి తోచును.

1996వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన తమ 84వ యేట కృష్ణన్‌గారు మద్రాసులో దివంగతులైరి. అప్పటివరకు వారి శీర్షిక ఆగలేదు. 37వ యేట జీతము లేని వృత్తిని చేపట్టిన మనుష్యుడు కడపటి వారము వరకు ఆ వృత్తియందే యుండెను. వారు పోయిన పిదప వారి వ్యాసములును, చిత్రములును పుస్తకములుగ వెలువడినవి. వారు చూచిన తావులలో కొన్ని నేడు లేవు. ఆ నలుపు తెలుపు చిత్రములే వాటికి దస్తావేజులు.

ఈ జీవితమునుండి గ్రహింపవలసినది అందరును ఉద్యోగములు మాని అడవులు పట్టవలెనని కాదు. కృష్ణన్‌గారి తండ్రి ఉప్పుశాఖలో కొలువు చేయుచునే సాహిత్యసేవ చేసిరి. కొలువు మిగిల్చిన వేళ ఎవరికైనను కొంత యుండును. హౌరా చెంత సంత్రాగచ్చిలో ఆగ్నేయ రైల్వే స్థలముననే పెద్ద చెరువు కలదు. ప్రతి శీతకాలమున వేలకొలది బాతులు అక్కడ దిగును. ఖరగ్‌పూరునుండి లోకలు బండిలో పోయి మధ్యాహ్నమునకు తిరిగిరావచ్చును. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు ఫోను కెమెరాతోపాటు ఒక చిన్న నోటుపుస్తకము కూడ తీసికొనిపోవుట మంచిది. మొదట పక్షి పేరు, అది చేయుచున్న పని వ్రాయవలెను. ఆ పిమ్మటనే చిత్రము తీయవలెను. గూటిని సమీపింపరాదు, రాయి విసరి ఎగురగొట్టరాదు. చిత్రము రాకపోయినను చింత లేదు. పక్షి మరుసటి యేడు మరల ఆ నీటికి వచ్చినచో, అంతకుమించిన ఫలము ఏ చిత్రకారుడును కోరడు.